చూడని రియాక్టర్‌కు సంతకం పెట్టమంటే...

ప్రశ్న: బీఎస్సీ కెమిస్ట్రీ తర్వాత ఆరేళ్లు ప్రొడక్షన్‌లో సూపర్‌వైజరుగా పనిచేశాను. పారిశ్రామిక భద్రతలో డిప్లొమా పూర్తిచేసి, విశాఖ దగ్గర మందులకు ముడిపదార్థాలు తయారుచేసే ఒక బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరుగా చేరాను. ఏడాది కావస్తోంది. కాంట్రాక్టు కార్మికులతో కలిపి నాలుగు వందలమంది దాకా ఉంటాం. సేఫ్టీతోపాటు క్యాంటీను, కార్మికుల బస్సులు, గేటు సెక్యూరిటీ కూడా నన్నే చూడమన్నారు. హెల్మెట్ పెట్టుకోనివాళ్లకు జరిమానాలు రాయడంతోనే సగం రోజు గడిచిపోతుంది. నా వెనక నన్ను ‘హెల్మెట్ సారు’ అంటారని తెలుసు. రసాయనాలు కలిపి మందు తయారుచేసే పెద్ద పాత్రను రియాక్టర్ అంటాం. దాన్ని శుభ్రం చేయడానికి మనిషి లోపలికి దిగాలంటే పర్మిట్‌పై నా సంతకం కావాలి. ప్రొడక్షన్ మేనేజర్ గారు పొద్దున్నే పర్మిట్ల కట్ట పంపి, అన్నింటిపైనా సంతకాలు పెట్టి అరగంటలో తిప్పి పంపమంటారు. కిందటి నెల రాత్రి షిఫ్టులో ఒడిశా నుంచి వచ్చిన కాంట్రాక్టు కుర్రాడొకడు రియాక్టర్ మ్యాన్‌హోల్ (మనిషి దిగే రంధ్రం)లోకి తలపెట్టి చూస్తూ కూలబడిపోయాడు. పక్కనున్నవాళ్లు లాగారు కాబట్టి బతికాడు. దీన్ని ప్రమాదాల రిజిస్టర్‌లో రాయవద్దని, గేటు దగ్గర బోర్డుపై ప్రమాదం లేని రోజుల లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుందని చెప్పారు. కార్మికులకు నేను యాజమాన్యం మనిషిని, యాజమాన్యానికి పనికి అడ్డుపడే మనిషిని. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది నా పరిస్థితి. అసలు నా పని ఏమిటి? రేపు ఏదైనా జరిగితే జైలుకు వెళ్లేది నేనేనా? ఉద్యోగం మానేసి బ్యాంకు పరీక్షలకు చదువుకోమని నాన్నగారు పోరుతున్నారు. మానేయాలా?
– పేరు రాయవద్దన్న పాఠకుడు, అనకాపల్లి జిల్లా

సమాధానం: మీరు మూడు ప్రశ్నలు అడిగారు. అడగని నాలుగో ప్రశ్నతో మొదలుపెడతాను. ఆ కుర్రాడు ఎందుకు కూలబడ్డాడు?

మీ ఉత్తరంలో గేటు దగ్గరి బోర్డు ఉంది, మేనేజర్ మాట ఉంది, మీ భయం ఉంది, నాన్నగారి సలహా ఉంది. కారణం మాత్రం లేదు. మిమ్మల్ని నొప్పించాలని అనడం లేదు. క్యాంటీనులో ఇడ్లీలు చల్లారాయని వచ్చే ఫిర్యాదుల మధ్య ఏ మనిషికైనా ఇలాగే జరుగుతుంది. కానీ మీ మొదటి ప్రశ్నకు సమాధానం వెతకవలసింది ఆ మ్యాన్‌హోల్ దగ్గరే.

బల్క్ డ్రగ్ ప్లాంటులో మ్యాన్‌హోల్ దగ్గర మనిషి ఉన్నట్టుండి పడిపోతే నేను ముందు అనుమానించేది నైట్రోజన్‌ను. సాల్వెంటు (రసాయనాలను కరిగించే ద్రవం) ఆవిరికి నిప్పంటుకోకుండా రియాక్టర్‌లో నైట్రోజన్ నింపుతారని మీకు నేను చెప్పనక్కర్లేదు. అది విషవాయువు కాదు. మనం పీల్చే గాలిలో 78 శాతం అదే. అందుకే దానికి ఎవరూ భయపడరు, అందుకే అది అంతమందిని చంపుతుంది. రంగు లేదు, వాసన లేదు, దగ్గు రాదు, కళ్లు మండవు. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉంటుంది. 19.5 కంటే తగ్గిన చోటికి మనిషిని దించకూడదు. నైట్రోజన్ నిండిన పాత్రలో ఆక్సిజన్ దాదాపు ఉండదు. అక్కడ ఒకటి రెండు శ్వాసలకే స్పృహ పోతుంది. ఏదో తేడాగా ఉందని అనుకునే వ్యవధి కూడా దొరకదు. తల ఒక్కటే లోపలపెట్టినా అంతే. అతను పూర్తిగా దిగి ఉంటే పక్కనున్నవాళ్లు ఏం చేసేవారో ఆలోచించండి. ఒకరి వెనక ఒకరు దూకేవారు. సెప్టిక్ ట్యాంకుల్లో, పాత బావుల్లో, మురుగునీటి గోతుల్లో ఒకేచోట ముగ్గురు నలుగురు చనిపోయారన్న వార్తల వెనక ఉన్నది ఇదే. మొదటివాడు పనికోసం దిగుతాడు, తర్వాతివాళ్లు అతన్ని కాపాడటానికి దిగుతారు.

నా అనుమానం తప్పు కావచ్చు. సాల్వెంటు ఆవిరి కావచ్చు. కిందటి బ్యాచ్‌లో మిగిలిన రసాయనం కావచ్చు. ఆ కుర్రాడు ఆ రాత్రి తిండి లేకుండా డ్యూటీకి వచ్చి ఉండవచ్చు. తేల్చవలసినవారు మీరు. నైట్రోజన్ లైను వాల్వు కట్టి వదిలేశారా, లేక గొట్టం విప్పి బ్లైండ్ (దారి మూసేసే లోహపు బిళ్ల) వేశారా? కట్టిన వాల్వు లీకవుతుంది, లేదా మరో షిఫ్టువాడు తెలియక తిప్పుతాడు. బ్లైండ్ అలా మోసం చేయదు. గ్యాస్ మీటరుతో పరీక్షించింది ఎవరు, ఎన్ని గంటలకు? పైన ఒక్కచోట చూసి వదిలేశారా, పైనా మధ్యలో అడుగునా చూశారా? సాల్వెంటు ఆవిరి చాలావరకు గాలికంటే బరువు, అడుగునే పేరుకుంటుంది. ఆ మీటరును కాలిబ్రేషన్‌కు, అంటే అంకెలు సరిగా చూపుతోందో సరిచూడడానికి, చివరిసారి ఎప్పుడు పంపారు? కాళ్లు పట్టి లాగినవాళ్లు కాపలాకు నిలబెట్టిన మనుషులా, దారిన పోతున్నవాళ్లా? అసలు ఆ వేళ ఆ రియాక్టర్‌కు పర్మిట్ ఉందా? ఉంటే, దానిమీద మీ సంతకం ఉందా?

చివరి ప్రశ్నకు మీ ఉత్తరంలో జవాబు లేదు. మీ సంతకం ఉందనే అనుకుంటున్నాను.

ఇప్పుడు నిబంధనల సంగతి. సేఫ్టీ ఆఫీసరు పదవి 1976 సవరణతో ఫ్యాక్టరీల చట్టంలో 40-బి సెక్షన్‌గా వచ్చింది. వెయ్యిమంది, అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీలకు, ప్రమాదకరమని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించినవాటికి అది వర్తించేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఆ సంఖ్యను 500కు దించింది. ప్రమాదకర ప్రక్రియ ఉన్న ఫ్యాక్టరీకైతే 250 చాలు. మందుల తయారీ మొదటినుంచీ ప్రమాదకర ప్రక్రియల జాబితాలో ఉన్నదే. మీ దగ్గర నాలుగు వందలమంది అంటున్నారు. కాబట్టి మిమ్మల్ని పెట్టుకోవడం యాజమాన్యం చూపిన ఔదార్యం కాదు, చట్టం వేసిన బాధ్యత. ఈ సంగతి మీ కుర్చీలో కూర్చున్నప్పుడు గుర్తుంటే మాట తీరు మారుతుంది.

సేఫ్టీ ఆఫీసర్ల గురించి రాష్ట్రాలు చేసుకున్న నిబంధనలు చాలావరకు ఒకే నమూనాలో నడుస్తాయి. మీ రాష్ట్రానివి తెప్పించుకొని పూర్తిగా చదవండి. డిప్లొమా పరీక్షకు చదివినట్టు కాకుండా, ఉద్యోగపు ఒప్పందం చదివినట్టు చదవండి. ప్రమాదాలు జరగకుండా ఏర్పాట్లు ఎలా ఉండాలో అన్ని విభాగాలకూ సలహా ఇవ్వడం, ప్రమాదమున్న పనులను ఎంచుకొని అంచెలంచెలుగా అధ్యయనం చేయడం, ప్లాంటంతా తిరిగి పరిస్థితులనూ పనితీరునూ చూడడం, ప్రమాదాలనూ వృత్తి వ్యాధులనూ విచారించడం, మాస్కులూ బెల్టులూ నాసిరకానివి రాకుండా కొనుగోలు విభాగానికి చెప్పడం, రికార్డులు ఉంచడం, సేఫ్టీ కమిటీని నడిపించడం, శిక్షణ ఇవ్వడం అందులో ఉంటాయి. జరిమానాలు రాయడం ఉండదు. జరిమానా వేసే అధికారం లైను సూపర్‌వైజర్లది, పర్సనల్ విభాగానిది. దాన్ని మీ చేతికి ఎవరు, ఎందుకు ఇచ్చారో గానీ, వెంటనే వెనక్కి ఇచ్చేయండి. జరిమానా పుస్తకం పట్టుకొని తిరిగే మనిషికి ఏ కార్మికుడూ ‘సారూ, ఆ పంపు దగ్గర వాసన వస్తోంది’ అని చెప్పడు. ఆ ఒక్క మాట మీ హెల్మెట్ జరిమానాలన్నిటికంటే విలువైనది.

అదే నమూనాలో చాలామంది చదవకుండా దాటేసే అంశాలు రెండున్నాయి. సేఫ్టీ ఆఫీసరు తన విధులకు అడ్డుపడే మరే పనీ చేయకూడదు, చేయించకూడదు. క్యాంటీను, బస్సులు, గేటు అన్నీ ఇందులోకి వస్తాయి. రెండోది, ఆయన ఫ్యాక్టరీ పెద్ద కింద నేరుగా పనిచేయాలి, సీనియర్ అధికారి హోదా ఉండాలి. మీరు ప్రొడక్షన్ మేనేజర్ కింద ఉన్నట్టు మీ ఉత్తరం ధ్వనిస్తోంది. ఎవరి పనిని తనిఖీ చేయాలో వారి కిందే ఉంటే ఆ తనిఖీ ఎలా సాగుతుందో మీకు ఇప్పటికే తెలుసు. ఈ రెండింటినీ ఫ్యాక్టరీ పెద్దకు రాతపూర్వకంగా పెట్టండి. నిబంధన సంఖ్య రాయండి, ఆరోపణలు రాయకండి. ‘క్యాంటీను బాధ్యత వేరొకరికి అప్పగించవలసిందిగా కోరుతున్నాను’ అంటే చాలు. ఒక్క వారంలో జరగదు. తనిఖీకి వచ్చేవారు అడిగే ఫైల్లో ఆ కాగితం ఉందని తెలిశాక కదలిక మొదలవుతుంది.

పర్మిట్ల దగ్గరికి వద్దాం. మీ ఉత్తరంలో అసలు ప్రమాదం అక్కడే ఉంది.

1948 ఫ్యాక్టరీల చట్టంలో 36వ సెక్షన్ మీకు కంఠతా వచ్చే ఉంటుంది. ఇరుకు చోట్లలోకి మనిషిని దించాలంటే అది రెండు దారులు చూపింది. అర్హతగల వ్యక్తి తాను స్వయంగా చేసిన పరీక్ష ఆధారంగా లోపల ప్రమాదకరమైన వాయువు లేదని రాసివ్వాలి. లేదంటే దిగే మనిషికి శ్వాస పరికరం, బెల్టు, బెల్టుకు తాడు ఉండాలి, తాడు రెండో కొస బయట నిలబడిన మనిషి చేతిలో ఉండాలి. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో కోడ్ వచ్చింది. సెక్షన్ల సంఖ్యలు మారాయి గానీ నైట్రోజన్ మారలేదు. స్వయంగా పరీక్షించాలన్నది అప్పుడూ ఇప్పుడూ అంతే అవసరం. ఆఫీసులో కూర్చొని పర్మిట్ల కట్టమీద పెట్టే సంతకానికి ఏ అర్థమూ లేదు. మీరు చూడని విషయానికి సాక్ష్యం చెబుతున్నారు, అంతే.

కనుక రేపటినుంచి చూడని పర్మిట్‌పై సంతకం పెట్టవద్దు. అయితే ‘నేను సంతకం పెట్టను’ అని ప్రకటించి గొడవకు దిగితే నెల తిరక్కుండా మీరు ఇంట్లో ఉంటారు, మీ స్థానంలో సంతకం పెట్టేవాడు వస్తాడు. దానివల్ల ఆ కుర్రాళ్లకు ఒరిగేదేమీ లేదు. పని ఆగకుండా పద్ధతి మార్చాలి.

మొదటి మార్పు పర్మిట్ కాగితంలోనే. రియాక్టర్‌ను నడిపేది ప్రొడక్షన్. అందులో ఏముందో, ఏ లైన్లు ఎక్కడికి వెళతాయో తెలిసింది వాళ్లకే. పర్మిట్ ఇవ్వవలసింది షిఫ్టు ఇన్‌చార్జి, పుచ్చుకోవలసింది పనిచేయించే సూపర్‌వైజరు లేదా కాంట్రాక్టరు మనిషి. మధ్యలో గ్యాస్ పరీక్ష చేసినవాడు అంకెలూ సమయమూ రాసి సంతకం పెట్టాలి. సేఫ్టీ విభాగం సరిచూస్తుంది, అవసరమైతే ఆపుతుంది. చాలా ఫ్యాక్టరీల్లో ఈ వరుస తలకిందులై, సేఫ్టీ సంతకం ఒక్కటుంటే చాలన్నట్టు తయారైంది. అది అందరికీ సుఖంగానే ఉంటుంది, మీకు తప్ప. ఫారం మార్చమని సేఫ్టీ కమిటీలో పెట్టండి. కమిటీలో కార్మికుల ప్రతినిధులు యాజమాన్యం ప్రతినిధులకంటే తక్కువ ఉండకూడదు. మీ దగ్గర కమిటీ కాగితం మీదే ఉంటే, దాన్ని నిజంగా కూర్చోబెట్టడం మీ మొదటి నెల పని.

రెండోది, పర్మిట్ల జాబితా ముందురోజు సాయంత్రమే అడగండి. ప్రొడక్షన్ మేనేజర్ మీకు శత్రువు కాదు. బ్యాచ్ ఆలస్యమైతే పైనుంచి తిట్లు తినేది ఆయనే. రేపు ఏయే రియాక్టర్లు తెరవాలో ముందే తెలిస్తే రాత్రి షిఫ్టులోనే లైన్లు విప్పి బ్లైండ్లు వేయించవచ్చు, గాలి పట్టించి ఉంచవచ్చు, పొద్దున మీరు వెళ్లేసరికి పరీక్ష ఒక్కటే మిగులుతుంది. ఆయన అరగంటా ఆయనకు దక్కుతుంది. ఈ మాట ఆయన లెక్కలోనే చెప్పండి.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం. మీ ఉత్తరం చదివినప్పటినుంచి నన్ను వేధిస్తున్న ప్రశ్న ఇది: రోజూ అన్ని రియాక్టర్లలోకి మనిషి ఎందుకు దిగాలి? సాల్వెంటును మరగబెట్టి కడగడం, పైనుంచి స్ప్రే బాల్‌తో చిమ్మడం, అడుగు వాల్వు గుండా నీళ్లు పట్టించి నమూనా తీసి పరీక్షించడం, ఇవన్నీ మన ప్లాంట్లలో వాడుకలో ఉన్నవే. ఒక నెల పర్మిట్లన్నీ ముందేసుకొని, ప్రతిదానికీ ఎదురుగా మనిషి దిగడానికి కారణం ఏమిటో రాయండి. కొన్నింటికి సరైన కారణం ఉంటుంది. మిగతావాటి ఎదురుగా ‘ఎప్పుడూ ఇలాగే చేస్తాం’ అన్నదే కారణంగా తేలుతుంది. వాటిని క్వాలిటీ, ఇంజనీరింగ్ విభాగాల ముందు పెట్టండి. కడిగే పద్ధతి మార్చాలంటే కాగితాలపని చాలా ఉంటుందని క్వాలిటీవాళ్లు మొదట ఒప్పుకోరు. అయినా వదలకండి. ప్రమాదాన్నే తీసేయడం, అది కుదరకపోతే పద్ధతి మార్చడం, యంత్రంతో అడ్డుకట్ట వేయడం, ఆ తర్వాత నియమాలు, అన్నిటికంటే చివర ఒంటిమీది సామగ్రి. మీ డిప్లొమా పుస్తకం మొదటి పాఠంలో ఉన్న వరుసే ఇది. మీ ఫ్యాక్టరీ చివరి మెట్టుమీద మొదలుపెట్టి అక్కడే ఆగిపోయింది. హెల్మెట్ తలమీద పడే బోల్టును ఆపుతుంది, నైట్రోజన్‌ను ఆపదు.

తప్పనిసరిగా దిగవలసిన చోట మాత్రం రాజీ వద్దు. లైన్లన్నిటికీ బ్లైండ్లు. కలిపే యంత్రానికి, అంటే అజిటేటర్‌కు, కరెంటు తీసి తాళం వేసి, ఆ తాళం చెవి దిగే మనిషి జేబులో. లోపల వాడే దీపం 24 వోల్టులు దాటకూడదు. బెల్టూ తాడూ సరే, అడుగున స్పృహ తప్పిన మనిషిని ఆ తాడుతో పైకి లాగడానికి ముక్కాలి కప్పీ ఉందా? ఇద్దరు మనుషులు చేతులతో లాగలేరు, ఒకసారి ఇసుక బస్తాతో ప్రయత్నించి చూపించండి, అందరికీ అర్థమవుతుంది. బయటి కాపలా మనిషికి నేర్పవలసింది ఒక్కటే: లోపలివాడు పడిపోతే నువ్వు దిగకు, కేక వేయి, కప్పీ తిప్పు. ఈ మాటను ఒడియాలో, హిందీలో చెప్పించండి. కార్మికుల్లో ఎక్కువమంది భాష తెలిసి ఉండాలని సేఫ్టీ ఆఫీసరు అర్హతల్లోనే ఉంది. ఆ నిబంధన రాసిన రోజుల్లో విశాఖ చుట్టుపక్కల అది తెలుగే. ఇవాళ మీ రాత్రి షిఫ్టులో ఎంతమంది తెలుగు చదవగలరు? గోడమీది ఇంగ్లిష్ పోస్టరు వాళ్లకు చెప్పేది బొమ్మ ఒక్కటే. ఒడియా తెలిసిన పాత కార్మికుణ్ని షిఫ్టు మొదట్లో ఐదు నిమిషాలు నిలబెట్టి మాట్లాడించండి. చెప్పింది విన్నవాళ్లచేతే తిరిగి చెప్పించండి. తలూపడాన్ని జవాబుగా తీసుకోకండి.

ఇక ఆ రిజిస్టర్. రాయండి. మరో మాట లేదు.

గేటు దగ్గరి ఆ బోర్డుల మీద నాకు మంచి అభిప్రాయం లేదు. ప్రమాదం లేని రోజులు లెక్కపెట్టి, ఆ లెక్కకు బహుమతులు కట్టిన చోటల్లా దెబ్బలు తగ్గుతాయో లేదో గానీ, చెప్పడం తప్పకుండా తగ్గుతుంది. వేలు నలిగినవాడు చేతిరుమాలు చుట్టుకొని ఇంటికి వెళతాడు. అతను కాంట్రాక్టు కార్మికుడైతే ఇంకా అన్యాయం. ఈఎస్ఐ (కార్మికుల బీమా) ఉన్న కార్మికుడికి పనిలో గాయమైతే కోలుకునేవరకు వేతనంలో 90 శాతం దాకా భత్యం వస్తుంది. ఆ గాయం పనిలో తగిలిందని ఎక్కడా రాయకపోతే రేపు దేన్ని చూపించి అడుగుతాడు? మీ కుర్రాడికి ఇప్పుడు బాగానే ఉందని అనుకుంటున్నారు. ఆక్సిజన్ అందక పడిపోయిన మనిషిని డాక్టరుకు చూపించారా? చూపించకపోతే ఆ పని ముందు చేయండి.

రాసినంత మాత్రాన అన్నీ బాగుపడవు, అది కూడా చెప్పాలి. భోపాల్ ప్లాంటులో 1981 డిసెంబరులో ఫాస్జీన్ అనే విషవాయువు సోకి ఒక కార్మికుడు చనిపోయాడు. 1982లో అమెరికా నుంచి కంపెనీ నిపుణులే వచ్చి తనిఖీ చేసి లోపాల జాబితా రాసిచ్చారు. 1984 డిసెంబరు 2 రాత్రి నాటికి మిథైల్ ఐసోసైనేట్ ట్యాంకును చల్లగా ఉంచవలసిన యంత్రం ఆపేసి ఉంది. వాయువును కాల్చేయవలసిన గోపురానికి వెళ్లే గొట్టం మరమ్మతుకోసం విప్పి ఉంది. నివేదిక ఉండడం ఒకటి, దానిలోని ప్రతి వాక్యం వెనకా పడడం మరొకటి. మీరు రాసే ప్రతి లోపానికి ఎదురుగా ఎవరు సరిచేయాలి, ఏ తేదీలోగా అన్న రెండు గడులు పెట్టండి. నెలనెలా ఆ గడులు ఖాళీగా ఉన్నవాటినే కమిటీలో చదవండి. విసుగు పుట్టేలా చదవండి.

మన ఊళ్ల దగ్గర జరిగింది కూడా గుర్తుచేసుకోండి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఒక ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి ఇళ్లమీదికి వచ్చి 12 మంది చనిపోయినప్పుడు ఊరిని లేపడానికి ఫ్యాక్టరీ సైరన్ మోగలేదు. సైరన్ లేక కాదు, ఎవరూ నొక్కక. మీ సైరన్‌ను చివరిసారి ఎప్పుడు మోగించారు? రాత్రి షిఫ్టులో దాన్ని నొక్కే అధికారం తనకుందని తెలిసినవాడు ఎవడు? పై అధికారిని అడగకుండా ఎవరైనా నొక్కవచ్చని రాతలో ఉండాలి.

జైలు ప్రశ్నకు వస్తాను. ఫ్యాక్టరీలో భద్రతకు చట్టం ముందు జవాబుదారీ ఆక్యుపయర్, అంటే ఫ్యాక్టరీపై అంతిమ అధికారం ఉన్న వ్యక్తి. కంపెనీ అయితే డైరెక్టర్లలో ఒకరే ఆక్యుపయర్ కావాలని 1987లో చట్టాన్ని సవరించారు. కింది ఉద్యోగిని ఆ పేరుతో ముందుకు తోసే అలవాటు అంతకుముందు ఉండేది. 1996లో సుప్రీంకోర్టు కూడా ఆ సవరణను సమర్థించింది. నిబంధనలు పాటించకపోవడం వల్ల మనిషి చనిపోతే రెండేళ్ల వరకు జైలు, లేదా 5 లక్షల రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ అని కొత్త కోడ్ అంటుంది. ఆ జరిమానాలో కనీసం సగం బాధిత కుటుంబానికి ఇవ్వమని కోర్టు ఆదేశించవచ్చు. ఇదంతా ప్రధానంగా యాజమాన్యం తలమీది భారం.

మీరు ఊపిరి పీల్చుకునే ముందు రెండోవైపు కూడా వినండి. నిర్లక్ష్యం వల్ల మరణానికి భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షన్ ఉంది, ఐదేళ్ల వరకు శిక్ష. అది హోదా చూడదు, ఎవరి నిర్లక్ష్యం అని చూస్తుంది. దర్యాప్తు అధికారి మొదట తీసుకునే కాగితం పర్మిట్. దానిమీద ‘గ్యాస్ పరీక్షించాం, సురక్షితం’ అని ఉండి, కింద మీ సంతకం ఉండి, ఆ వేళకు మీరు క్యాంటీనులో ఉన్నారని సాక్షులు చెబితే, మీకు సలహా ఇచ్చే అధికారమే గానీ ఆజ్ఞాపించే అధికారం లేదన్న వాదన ఎంతవరకు నిలుస్తుందో మీరే ఊహించుకోండి. అదే ఫైల్లో ‘ఫలానా రియాక్టర్‌కు బ్లైండ్లు లేవు, పర్మిట్ ఆపాను, ఫలానా సమయానికి ఫలానావారికి తెలిపాను’ అని మీ రాత ఉంటే కథ వేరు. నోటిమాటగా ఇచ్చిన సలహా ఫైల్లో ఉండదు. ఆ రోజే ఈమెయిల్ చేయండి, నాలుగు వాక్యాలు చాలు.

కిందటి నెల సంగతికి ఎలా రాయాలో కూడా చెబుతాను, ఎందుకంటే మొదటి కాగితం రాయడమే కష్టం. ఫ్యాక్టరీ మేనేజర్ పేరున, ప్రొడక్షన్ మేనేజర్‌కు ప్రతి పంపుతూ, ఇలా రాయండి: ‘ఫలానా తేదీ రాత్రి షిఫ్టులో ఫలానా రియాక్టర్ మ్యాన్‌హోల్ వద్ద ఒక కాంట్రాక్టు కార్మికుడు స్పృహ తప్పాడు. కారణం తెలుసుకునేందుకు విచారణ మొదలుపెట్టాను. విచారణ పూర్తయ్యేవరకు ఆ బ్లాకులో రియాక్టర్లలోకి మనుషులను దించే పర్మిట్లను, నేను స్వయంగా గ్యాస్ పరీక్ష చూసినవాటికే ఆమోదిస్తాను. కార్మికుడికి వైద్య పరీక్ష ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాను.’ ఇందులో ఎవరినీ నిందించలేదు, ఎవరు వద్దన్నారో రాయలేదు. రిజిస్టర్‌లో రాయవద్దన్నవారికి కూడా వెనక్కి తగ్గే దారి మిగిలింది. ఆ దారి వాళ్లకు వదలడం ఈ ఉద్యోగంలో సగం నేర్పు.

మానేయాలా? నాన్నగారి భయం ఊరికే పుట్టింది కాదు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో మందుల ఫ్యాక్టరీ పేలుడులో 17 మంది పోయారు. 2025 జూన్ 30న పాశమైలారం ఫ్యాక్టరీ పేలుడులో నలభైమందికి పైగా పోయారు. అనకాపల్లి జిల్లాలో ఉంటూ కొడుకు అలాంటి గేటు లోపలికే రోజూ వెళుతుంటే ఏ తండ్రయినా అదే అంటాడు. ఆయనతో వాదించకండి. పర్మిట్ల సంగతి, రాయబోయే కాగితాల సంగతి వివరంగా చెప్పండి. మీరు ఏం చేయబోతున్నారో తెలిస్తే ఆయన భయం కొంత తగ్గవచ్చు.

నా సలహా అయితే, ఇప్పుడే మానకండి. ఆరేళ్లు ప్రొడక్షన్‌లో ఉండి వచ్చిన సేఫ్టీ ఆఫీసరు అరుదు. రియాక్టర్ లోపల ఏం జరుగుతుందో మీకు తెలుసు, డిప్లొమా ఒక్కటే చేసి వచ్చినవారికి తెలియదు. పై ఉత్తరం పంపండి, ఫారం మార్పు కమిటీలో పెట్టండి, ఒక త్రైమాసికం చూడండి. యాజమాన్యం సణుగుతూనైనా కదిలితే ఉండండి. సణగడం మామూలే. విచారణ ఆపమని, లేదా చూడకుండా సంతకం పెట్టమని రాతలో గానీ సాక్షుల ముందు గానీ మళ్లీ చెబితే మాత్రం ఆ రోజే వేరేచోటు వెతకడం మొదలుపెట్టండి. దొరికేదాకా కూడా చూడని పర్మిట్‌పై సంతకం పెట్టకండి. రిఫైనరీలు, సిమెంటు, విద్యుత్తు, మెట్రో వంటి పెద్ద నిర్మాణాలు, అన్నిచోట్లా మీ డిప్లొమాకు గిరాకీ ఉంది. గల్ఫ్ వైపు చూసేవారిని అక్కడి కంపెనీలు తరచూ నెబోష్ (బ్రిటన్ సంస్థ ఇచ్చే భద్రతా అర్హత) సర్టిఫికెట్ అడుగుతాయి, ఈలోగా దానికి చదవడం మొదలుపెట్టవచ్చు. బయటికి వచ్చేటప్పుడు అనుభవ ధ్రువపత్రంలో సేఫ్టీ ఆఫీసరుగా పనిచేసిన తేదీలు స్పష్టంగా ఉండేలా చూసుకోండి. క్యాంటీను, బస్సుల ప్రస్తావన అందులో లేకుండా రాయించుకోండి.